ఫ్లాష్ మెమరీ: ఆవిష్కరణ, విపణి, తోషిబా (1967–2024) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: విద్యుత్తు ఆగినా సమాచారాన్ని నిలుపుకొనే ఫ్లాష్ మెమరీ నేటి ఘనస్థితి నిల్వకు ఆధారం. దీని విస్తరణకు సాంకేతిక ఆధిక్యం కన్నా ధర తగ్గింపే ప్రధాన కారణమని, ప్రతి దశలోనూ ఏదో ఒక గుణాన్ని వదులుకోవడం ద్వారానే ఆ ధర తగ్గిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ మూల్యాన్ని ఎవరు చెల్లించారో తోషిబా సంస్థ చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫ్లాష్ మెమరీ, నాండ్, ఘనస్థితి నిల్వ, తోషిబా, ఫుజియో మసువోకా, శామ్‌సంగ్, కియోక్సియా.

1. ఉపోద్ఘాతం

2006 జులైలో జపాన్‌లో ఒక వ్యాజ్యం రాజీతో ముగిసింది. వాది తోహోకు విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫుజియో మసువోకా. ప్రతివాది ఆయన అంతకుముందు 23 ఏళ్లు ఉద్యోగం చేసిన తోషిబా సంస్థ. తన ఆవిష్కరణకు ప్రతిఫలంగా ఆయన కోరినది 100 కోట్ల యెన్లు. చేతికందినది 8 కోట్ల 70 లక్షల యెన్లు. అప్పటికి ఆ ఆవిష్కరణ మీద నిలిచిన ప్రపంచ విపణి ఏటా వేయి కోట్ల డాలర్లు దాటి ఉంది. కెమెరాల్లోని కార్డులు, జేబులో పట్టే పెన్‌డ్రైవ్‌లు, పాటలు వినే పరికరాలు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

ఒక ఆవిష్కర్తకు జరిగిన అన్యాయంగా ఈ ఉదంతాన్ని చెప్పుకోవడం పరిపాటి. ఆ కథనంలో సత్యం లేకపోలేదు. అయితే ఆవిష్కర్తకు దక్కనిది సంస్థకైనా దక్కిందా అని చూస్తే, పన్నెండేళ్లు తిరగకుండానే తోషిబా తన మెమరీ విభాగాన్ని అమ్ముకోవలసి వచ్చింది. దీనిని కేవలం వ్యక్తుల స్వభావంతోనో సంస్థల లోభంతోనో వివరించడం సాధ్యం కాదు. ఆ వస్తువు స్వభావాన్ని, దాని తయారీ ఖర్చును, విపణి తీరును కలిపి చూడాలి.

2. తేలియాడే ద్వారం: పూర్వరంగం

ఫ్లాష్ మెమరీకి మూలం 1967లో బెల్ ప్రయోగశాలల్లో దావోన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించిన ఫ్లోటింగ్ గేట్. ట్రాన్సిస్టర్‌లో ప్రవాహాన్ని అదుపు చేసే ద్వారానికి, దాని కింది సిలికాన్‌కు నడుమ మరొక వాహక పొరను చేర్చి, దానికి నాలుగు వైపులా విద్యుద్బంధక పొరను కప్పారు. బయటి తీగ ఏదీ ఆ పొరను తాకదు; అది ఎక్కడికీ అంటకుండా తేలుతున్నట్లు ఉంటుంది. అందులోకి ఎలక్ట్రాన్లను బలవంతంగా పంపితే అవి చిక్కుపడి, విద్యుత్తు ఆపినా అక్కడే ఉంటాయి. వాటి ఉనికి ఒక విలువ, లేమి మరొక విలువ. భోజన సమయంలో తిన్న పొరలు పొరల చీజ్‌కేక్ ఈ ఊహకు ప్రేరణ అని చెప్పుకునే కథ ఒకటి ఈ రంగంలో ప్రచారంలో ఉంది.

1971లో ఇంటెల్ సంస్థకు చెందిన డోవ్ ఫ్రోమన్ ఈ ఊహను సరుకుగా మార్చాడు. ఆయన రూపొందించిన 1702 చిప్‌లో 2,048 బిట్లు పట్టేవి. చిప్‌కు పైన స్ఫటికపు కిటికీ ఉండేది. చెరపాలంటే పరికరం నుంచి ఊడదీసి, ఆ కిటికీ గుండా అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయాలి. ఇది పెద్ద ఇబ్బంది. 1970ల చివరికి విద్యుత్తుతోనే చెరపగల మెమరీలు వచ్చాయి. అందులో ఏ బైటుకు ఆ బైటును విడిగా చెరపవచ్చు. ఆ సౌకర్యం కోసం ఒక్కొక్క బిట్‌కు రెండేసి ట్రాన్సిస్టర్లు కావలసివచ్చాయి. స్థలం పెరిగింది, ధర పెరిగింది. సౌకర్యానికీ ధరకూ నడుమ ఉన్న ఈ వైరమే తరువాతి చరిత్రకంతటికీ మూలసూత్రం.

3. మసువోకా వదులుకున్నది

1943లో గున్మా ప్రాంతంలోని తకసాకిలో పుట్టిన మసువోకా, తోహోకు విశ్వవిద్యాలయంలో జున్ ఇచి నిషిజావా శిష్యరికంలో పరిశోధన ముగించి 1971లో తోషిబాలో చేరాడు. 1980లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసిన ఊహలో కొత్తగా చేర్చినదాని కన్నా తీసివేసినదే ముఖ్యం. బైటు బైటునూ విడిగా చెరిపే సౌకర్యాన్ని వదిలేసి, ఒక పెద్ద భాగాన్నంతా ఒక్కసారిగా చెరపాలని ఆయన నిర్ణయించాడు. ఆ ఒక్క త్యాగంతో బిట్‌కు ఒక్క ట్రాన్సిస్టర్ సరిపోయింది. అంతా ఒక్క క్షణంలో చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్ వెలుగును తలపించిందని సహోద్యోగి షోజి అరిఇజుమి దానికి ఫ్లాష్ అని పేరు సూచించాడు. 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రాన్ పరికరాల సదస్సులో మసువోకా దీనిని వెల్లడించాడు.

ఆ కాలంలో తోషిబా దృష్టి వేరేచోట ఉంది. 1980ల నడుమ జపాన్ సంస్థలు డీర్యామ్ తయారీలో ప్రపంచానికి అగ్రగాములు. 1 మెగాబిట్ తరంలో తోషిబాదే ముందంజ. లాభాలు కురిపిస్తున్న వ్యాపారాన్ని వదిలి, కొనేవాడెవడో తెలియని మెమరీ మీద డబ్బు పెట్టడానికి ఏ యాజమాన్యమైనా జంకుతుంది. ఇంటెల్‌కు అటువంటి సందిగ్ధం లేదు. జపాన్ పోటీకి తాళలేక 1985లో డీర్యామ్ తయారీ నుంచి తప్పుకున్న ఆ సంస్థ ఫ్లాష్‌ను అందిపుచ్చుకొని 1988లో విపణిలోకి తెచ్చింది. ఆవిష్కరణ టోక్యో సమీపంలో, తొలి వ్యాపారం కాలిఫోర్నియాలో. ఈ క్రమం తరువాత మరొకసారి, మరొక దేశంతో పునరావృతమైంది.

ఇంటెల్ అమ్మినది నార్ అనే రకం. మసువోకా బృందం 1987లో ప్రకటించిన నాండ్ రకం ఇంకొంత వదులుకుంది. ఈ భేదాన్ని ఇళ్లతో పోల్చి చెప్పవచ్చు. నార్‌లో ప్రతి ఇంటికీ వీధిలోకి సొంత గుమ్మం ఉంటుంది. ఏ ఇంటికైనా నేరుగా వెళ్లవచ్చు, కాని గుమ్మాలకే బోలెడు స్థలం పోతుంది. నాండ్ రైలుపెట్టె వంటి ఇల్లు. గదులన్నీ ఒకదాని వెనుక ఒకటి, రెండు చివరలా మాత్రమే గుమ్మాలు. నడిమి గదిలోని వస్తువు కావాలంటే మిగతా గదులన్నీ దాటాలి. ఒక్కొక్క బిట్‌కు పట్టే స్థలం దీనితో సగానికన్నా తగ్గింది. బదులుగా కోరిన బైటును కోరిన క్షణంలో చదివే శక్తి పోయింది. పుటలుగా రాయాలి, ఖండాలుగా చెరపాలి. అప్పటి ఇంజినీర్ల దృష్టిలో ఇది మెమరీ అనిపించుకోవడానికే తగని లోపం. మసువోకా లక్ష్యం మాత్రం అయస్కాంత డిస్కును తొలగించడం. డిస్కు కూడా ఖండాలుగానే చదువుతుంది కనుక ఈ లోపం ఆ పనికి లోపం కాదు. నాండ్ చరిత్రలో అన్నిటికన్నా దూరదృష్టి గల ఆలోచన బహుశా ఇదే.

4. పోటీదారును పెంచిన ఒప్పందం

నాండ్‌కు వెంటనే గిరాకీ రాలేదు. 1988లో ఎలై హరారీ స్థాపించిన సన్‌డిస్క్, 1995 నుంచి శాన్‌డిస్క్, 1991లో ఐబీఎం కోసం 20 మెగాబైట్ల ఘనస్థితి డిస్కును తయారుచేసింది. దాని ధర సుమారు 1,000 డాలర్లు. అంత వెలకు అంతకన్నా ఎంతో పెద్ద అయస్కాంత డిస్కు దొరికే రోజులవి. కంప్యూటరు తలుపు తెరుచుకోలేదు. ఫ్లాష్ మరొక దారిన, అంటే బరువు, కుదుపు, బ్యాటరీ ఖర్చు ముఖ్యమైన చిన్న పరికరాల దారిన లోపలికి వచ్చింది. 1994లో శాన్‌డిస్క్ కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు, 1995లో తోషిబా స్మార్ట్‌మీడియా కార్డు, 1999లో తోషిబా, మత్సుషితా, శాన్‌డిస్క్ కలిసి ప్రకటించిన ఎస్‌డీ కార్డు డిజిటల్ కెమెరాలను ఆశ్రయించి పెరిగాయి. 2000లో సింగపూర్‌కు చెందిన ట్రెక్, ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు ఫ్లాపీని కొద్ది ఏళ్లలోనే వదిలించాయి. ఎం-సిస్టమ్స్ తయారీని ఐబీఎం అమ్మిన తొలి పరికరంలో పట్టినది 8 మెగాబైట్లు.

ఈ గిరాకీ రావడానికి ముందే, 1992లో, తోషిబా నాండ్ సాంకేతికతను శామ్‌సంగ్‌తో పంచుకునే ఒప్పందం చేసుకుంది. పైకి ఇది ఆత్మహత్యాసదృశంగా కనబడుతుంది. కాని ఆనాటి వ్యాపార రీతిలో దీనికి హేతువుంది. ఒకే సంస్థ తయారుచేసే చిప్‌ను నమ్మి తమ పరికరాన్ని రూపొందించడానికి కొనుగోలుదారులు ఇష్టపడరు. రెండవ సరఫరాదారు ఉంటేనే విపణి ఏర్పడుతుంది. ఇంటెల్ వంటి నార్ తయారీదారుల ముందు నాండ్ నిలవాలన్నా మరొకరి తోడు అవసరం. తోషిబా తోడు తెచ్చుకుంది. తోడుగా వచ్చినవాడు దశాబ్దం తిరిగేసరికి యజమాని అయ్యాడు.

2001లో తోషిబా ఉమ్మడి సంస్థను ప్రతిపాదించిందని, అధ్యక్షుడు లీ కున్ హీ దానిని తిరస్కరించి సొంతంగా సాగాలని నిశ్చయించాడని శామ్‌సంగ్ పదే పదే చెప్పుకునే వృత్తాంతం. అదే ఏడాది డిసెంబరులో తోషిబా సాధారణ డీర్యామ్ వ్యాపారం నుంచి తప్పుకొని, అమెరికాలోని వర్జీనియా కర్మాగారాన్ని మైక్రాన్‌కు అమ్మింది; శాన్‌డిస్క్‌తో కలిసి యొక్కాయిచి కర్మాగారం మీద దృష్టి నిలిపింది. 2002లో శామ్‌సంగ్ నాండ్ అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. మెమరీ సాంద్రత ఏటా రెట్టింపవుతుందని ఆ ఏడాదే ఆ సంస్థ మెమరీ విభాగాధిపతి హ్వాంగ్ చాంగ్ గ్యూ ప్రకటించాడు. దీనిని ప్రకృతి నియమంగా చదవరాదు. ధరను అంత వేగంగా దించుతామని, తట్టుకోగలవారే నిలవండని పోటీదారులకు చేసిన హెచ్చరికగా చదవాలి.

ఆ ధర తగ్గుదలకు తగిన కొనుగోలుదారు కూడా దొరికాడు. 2005 సెప్టెంబరులో యాపిల్ సంస్థ చిన్న డిస్కు ఉన్న ఐపాడ్ మినీని ఆపివేసి ఫ్లాష్ ఆధారిత ఐపాడ్ నానోను విడుదల చేసింది. నవంబరులో హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శామ్‌సంగ్, తోషిబాలతో 2010 వరకు సరఫరా ఒప్పందాలు చేసుకొని మొత్తం 125 కోట్ల డాలర్లు ముందస్తుగా చెల్లించేందుకు అంగీకరించింది. 1991లో వెయ్యి డాలర్లకు 20 మెగాబైట్లుగా మొదలైన సరుకుకు పదిహేనేళ్లలోపే బయానా ఇచ్చి వరుసలో నిలబడే స్థితి వచ్చింది.

5. చౌకదనం, మరపు

ఫ్లోటింగ్ గేట్‌లోకి ఎలక్ట్రాన్లను పంపిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ బంధక పొర కొద్దిగా చెడుతుంది. అందువల్ల ఫ్లాష్ అరిగిపోయే మెమరీ. ఒక కణంలో ఒక బిట్ మాత్రమే దాచినపుడు సుమారు లక్షసార్లు రాసి చెరపడానికి వీలుండేది. 1997లో ఇంటెల్ నార్ ఫ్లాష్‌లో ఒక కణానికి రెండు బిట్లు దాచి అమ్మింది. నాండ్ తయారీదారులూ ఆ దారి పట్టి క్రమంగా మూడు, నాలుగు బిట్లకు చేరుకున్నారు. నాలుగు బిట్లకు ఒకే కణంలో 16 వోల్టేజి స్థాయిలను గుర్తించాలి. స్థాయిల నడుమ దూరం తగ్గినకొద్దీ కొద్దిపాటి అరుగుదల కూడా పొరపాటుగా మారుతుంది. రెండు బిట్ల కణం కొన్ని వేలసార్లకు, మూడు బిట్ల కణం వేయి ప్రాంతానికి, నాలుగు బిట్లది అంతకన్నా తక్కువకు దిగాయి.

వస్తువులో పోయిన నాణ్యతను గణితంతో పూడ్చారు. తప్పులను దిద్దే సంకేతాలు, రాతలను కణాలన్నిటికీ సమంగా పంచే పద్ధతులు, చెడిన ఖండాలను దాచిపెట్టి బయటికి మామూలు డిస్కులా కనబడేలా చేసే మధ్యస్థ సాఫ్ట్‌వేర్ దీనికి సాధనాలు. నేటి ఘనస్థితి డిస్కులో చిప్ ఎంత ముఖ్యమో, దాని బలహీనతలను కప్పిపుచ్చే నియంత్రకం అంత ముఖ్యం. కొనుగోలుదారుడి కంటికి కనబడేది వేగం, గిగాబైట్ల సంఖ్య, ధర. కనబడనిది నిలకడ.

పరిశోధకులకు ప్రత్యక్షంగా సంబంధించిన విషయం ఇక్కడ ఉంది. జెడెక్ ప్రమాణాల ప్రకారం, నిర్ణీత రాత సామర్థ్యం పూర్తిగా వాడుకున్న తరువాత, సాధారణ వినియోగదారుల ఘనస్థితి డిస్కు విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఏడాదిపాటు సమాచారాన్ని నిలుపుకోగలిగితే చాలు. సంస్థాగత వినియోగపు డిస్కుకు 40 డిగ్రీల వద్ద మూడు నెలలు చాలు. కొత్త పరికరం ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుపుకొంటుంది. ఈ అంకెలు వాడి అరిగినదానికి కనిష్ఠ హద్దులు. అయినా వేడి పెరిగినకొద్దీ ఎలక్ట్రాన్లు త్వరగా జారిపోతాయన్నది భౌతిక సత్యం. తాళపత్రాల ప్రతిబింబాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో బీరువాలో పెట్టి మరిచిపోవడం భద్రపరచడం కాదు. ఆ పరికరాన్ని ఎవరూ శతాబ్దాల నిల్వ కోసం తయారుచేయలేదు.

కణాలను చిన్నవి చేసే దారి 2010ల ఆరంభానికి మూసుకుపోసాగింది. కొన్ని పదుల ఎలక్ట్రాన్ల తేడాతో విలువలను గుర్తించవలసిన స్థితి వచ్చింది. దీనికి పరిష్కారం పక్కకు కాక పైకి కట్టడమని 2007లోనే చూపించినది తోషిబా. పొరలను ముందుగా పేర్చి, వాటన్నిటి గుండా ఒకేసారి లోతైన రంధ్రాలు తొలిచే పద్ధతి అది. విపణిలోకి ముందుగా తెచ్చినది మళ్లీ శామ్‌సంగ్, 2013 ఆగస్టులో, 24 పొరలతో. కణం పరిమాణం తిరిగి పెద్దది కావడంతో పోయిన మన్నిక కొంత వెనక్కి వచ్చింది. ఈ చరిత్రలో నాణ్యత, చౌకదనం ఒకే దిశలో నడిచిన అరుదైన ఘట్టమిది. 2022 నాటికి పొరలు 200 దాటాయి.

ఇంతటి కర్మాగారం ఎంత సున్నితమో 2019 జూన్ 15న తెలిసింది. యొక్కాయిచి ప్రాంతంలో 13 నిమిషాలపాటు విద్యుత్తు ఆగింది. శాన్‌డిస్క్‌ను 2016లో కొని తోషిబాకు భాగస్వామి అయిన వెస్టర్న్ డిజిటల్, తన సరఫరాలో సుమారు 6 ఎక్సాబైట్లు, అంటే 600 కోట్ల గిగాబైట్లు తగ్గుతాయని ప్రకటించింది. విద్యుత్తు లేకున్నా గుర్తుంచుకోవడమే గుణంగా గల వస్తువు, పుట్టేటపుడు పావుగంట విద్యుత్తు లేకపోతే నశిస్తుంది.

6. మేలైన మెమరీకి పట్టిన గతి

చౌకదనమే నిర్ణాయకమన్న వాదానికి వ్యతిరేక దిశనుంచి సాక్ష్యం 3డీ క్రాస్‌పాయింట్. 2015 జులైలో ఇంటెల్, మైక్రాన్ దీనిని నాండ్ కన్నా వేయిరెట్లు వేగం, వేయిరెట్లు మన్నిక గలదిగా ప్రకటించాయి. వచ్చిన సరుకు ఆ అంకెలను అందుకోకపోయినా, స్పందన వేగంలోనూ మన్నికలోనూ నాండ్‌ను నిస్సందేహంగా మించింది. బైటు స్థాయిలో రాయగలిగేది. ఫ్లాష్ వదులుకున్నవన్నీ అందులో ఉన్నాయి. లేనిది నాండ్ ధర. చాలినంత అమ్మకాలు లేక ఖర్చు దిగలేదు, ఖర్చు దిగక అమ్మకాలు పెరగలేదు. మైక్రాన్ 2021 మార్చిలో తప్పుకుంది. ఇంటెల్ 2022 జులైలో ఆప్టేన్ వ్యాపారాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించి, నిల్వ సరుకు విలువలో 55 కోట్ల 90 లక్షల డాలర్లను నష్టంగా రాసుకుంది. తన నాండ్ విభాగాన్ని సుమారు 900 కోట్ల డాలర్లకు ఎస్‌కే హైనిక్స్‌కు ఇవ్వడానికి 2020లోనే అంగీకరించింది. ఫ్లాష్‌ను తొలుత అమ్మిన సంస్థ ఆ విధంగా ఫ్లాష్ నుంచీ, దానికి ప్రత్యామ్నాయం నుంచీ వైదొలగింది.

మిగిలిన తయారీదారులు వేళ్లమీద లెక్కించదగినవారే. భారతదేశానికి ఈ పరిశ్రమతో ఉన్న బంధం ప్రధానంగా రూపకల్పనలోను, కూర్పులోను. మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. 2023లో గుజరాత్‌లోని సాణంద్‌లో కూర్పు, పరీక్షల కర్మాగారాన్ని ప్రకటించింది. సిలికాన్ పలకల మీద మెమరీని చెక్కే పని అక్కడ లేదు.

7. న్యాయస్థానం, వేలం

మసువోకా 1994లో తోషిబాను విడిచి తోహోకు విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 2004 మార్చిలో ఆయన దావా వేయడానికి తక్షణ నేపథ్యం ఉంది. జపాన్ పేటెంటు చట్టంలోని 35వ అధికరణం ఉద్యోగి ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం ఇవ్వాలంటుంది. ఆ ఏడాది జనవరిలో నీలి కాంతి డయోడ్ ఆవిష్కర్త షుజి నకమురాకు నిచియా సంస్థ 2,000 కోట్ల యెన్లు చెల్లించాలని టోక్యో జిల్లా న్యాయస్థానం తీర్పునిచ్చింది. మరుసటి ఏడాది ఆ వివాదం సుమారు 84 కోట్ల యెన్ల రాజీతో ముగిసింది. మసువోకా కోరినదానిలో పదో వంతు కూడా పొందలేదు. పరిశ్రమ ఒత్తిడితో చట్టం 2004లో, 2015లో సవరణ పొందింది. రెండవ సవరణ ప్రకారం ముందుగా నిబంధన పెట్టుకుంటే ఆవిష్కరణ హక్కు పుట్టుకతోనే యజమానికి చెందుతుంది.

ఆ యజమాని గతి వేరొక కారణంగా తలకిందులైంది. 2015లో తోషిబా లెక్కల తారుమారు బయటపడింది. 2017 మార్చిలో దాని అమెరికా అణువిద్యుత్ అనుబంధ సంస్థ వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరింది. అప్పులు తీర్చడానికి అమ్మదగిన విలువైన ఆస్తి తోషిబా వద్ద మెమరీ విభాగం ఒక్కటే. 2018 జూన్ 1న బెయిన్ క్యాపిటల్ నాయకత్వంలోని కూటమికి సుమారు 2 లక్షల కోట్ల యెన్లకు అది బదిలీ అయింది. కూటమిలో కొనుగోలుదారు అయిన యాపిల్, పోటీదారు అయిన ఎస్‌కే హైనిక్స్ కూడా ఉన్నాయి. తిరిగి పెట్టుబడి పెట్టి తోషిబా సుమారు 40 శాతం వాటా నిలుపుకుంది. అణువిద్యుత్తులో పోయిన సొమ్మును, 1980లలో యాజమాన్యం అంతగా పట్టించుకోని పరిశోధన తీర్చింది.

కొత్త సంస్థ 2019 అక్టోబరులో కియోక్సియా అనే పేరు పెట్టుకుంది. జ్ఞాపకమనే అర్థం గల జపనీయ పదం కియోకు, విలువ అనే అర్థం గల గ్రీకు పదం ఆక్సియా అందులో కలిశాయి. షేర్ల విక్రయం 2020లో వాయిదా పడింది. ఆ తరువాత 2022, 2023లలో మెమరీ ధరలు కుప్పకూలాయి. 2023 డిసెంబరు 20న తోషిబా 74 ఏళ్ల తరువాత టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజి జాబితా నుంచి తొలగిపోయి ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్లింది. ఏడాదికి రెండు రోజులు తక్కువగా, 2024 డిసెంబరు 18న, అదే ఎక్స్ఛేంజిలో కియోక్సియా నమోదైంది. దాని పెద్ద వాటాదారుల్లో తోషిబా ఒకటి.